యార్క్‌లో ఒక్క రోజు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఇంగ్లండ్ ఉత్తర ప్రాంతంలో చదువుకుంటున్న విద్యార్థులవే ఎక్కువ. దాదాపు అందరూ యార్క్ గురించే అడిగారు కాబట్టి ఈసారి శీర్షిక మొత్తం ఆ ఊరికే కేటాయిస్తున్నాను. చరిత్ర చదువుకోవడానికి వెళ్లి ఆ ఊళ్లో కొన్నేళ్లు ఉన్నదాన్ని. ఆ ఊరంటే నాకు చాలా ఇష్టం. అందువల్ల కొన్ని చోట్ల జవాబు పొడవుగా సాగితే ఓపిక పట్టండి.

ప్రశ్న: లీడ్స్‌లో డేటా సైన్స్‌లో ఎంఎస్సీ చేస్తున్నాను. వచ్చే శనివారం మా క్లాసువాళ్లం ఐదుగురం యార్క్ వెళ్తున్నాం. మాలో ఒకతను పద్నాలుగు చోట్లతో జాబితా తయారుచేశాడు. ఒక్కో చోట ఇరవై నిమిషాలు. నాకు అలా పరుగెత్తడం ఇష్టం లేదు. అలాగని చరిత్ర గురించి నాకు తెలిసిందీ తక్కువే. బడిలో తేదీలు బట్టీపట్టడం తప్ప ఏమీ గుర్తులేదు. ఒక్క రోజులో ఏం చూడాలి, ఏం వదిలేయాలి? ఖర్చు కూడా తక్కువలో అయిపోవాలి.
– ఒక విద్యార్థిని, లీడ్స్

జవాబు: ఆ జాబితాలో పదింటిని నిస్సంకోచంగా కొట్టేయండి. యార్క్ చిన్న ఊరు. కోటగోడల లోపలి భాగాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు అరగంటలో నడిచేయవచ్చు. అందుకే ఒక్క రోజులో అన్నీ చూసేయగలమని అందరికీ అనిపిస్తుంది. కానీ అక్కడి చరిత్ర పక్కపక్కన పరుచుకుని లేదు, ఒకదాని మీద ఒకటి పేరుకుని ఉంది. క్రీ.శ. 71 ప్రాంతంలో రోమన్ సైన్యం అక్కడ కోట కట్టింది. దాని మీద జర్మనీ వైపు నుంచి వచ్చిన ఆంగ్లో శాక్సన్లు, 866లో డెన్మార్క్ వైపు నుంచి వచ్చిన వైకింగులు, 1066 తర్వాత ఫ్రాన్స్ వైపు నుంచి వచ్చిన నార్మన్లు ఎవరికి కావలసింది వాళ్లు కట్టుకుంటూ పోయారు. కాబట్టి ఊరంతా చుట్టేసేవాళ్లకన్నా ఒక్క నేల ముక్కను పట్టుకుని కిందికీ పైకీ చూసేవాళ్లకే ఎక్కువ దొరుకుతుంది. రోమన్ కోట పడమటి మూల నుంచి మిన్‌స్టర్ అనే మహా చర్చి వరకు ఉన్న ఆ కాస్త మేర మీ రోజుకు చాలు.

ముందు ప్రయాణం సంగతి. లీడ్స్ నుంచి రైల్లో అరగంట లోపే. 16–25 రైల్‌కార్డు ఉంటే టికెట్‌లో మూడో వంతు తగ్గుతుంది. ఇరవై ఐదు దాటినా పూర్తికాలం చదువుతున్న విద్యార్థి అయితే ఆ కార్డు తీసుకోవచ్చు, ఈ సంగతి చాలామందికి తెలియదు. వారం మధ్యలో పొద్దున వెళ్తే 12 పౌండ్ల కనీస చార్జీ నిబంధన అడ్డొస్తుంది. శనివారం ఆ బెడద లేదు. ఇంకా చవకగా కావాలంటే లీడ్స్ నుంచి టాడ్కాస్టర్ మీదుగా యార్క్ వెళ్లే కోస్ట్‌లైనర్ బస్సు ఉంది. ఎక్కువ సమయం పడుతుంది కానీ పై అంతస్తులో కూర్చుంటే దారంతా పొలాలే.

స్టేషన్ నుంచి బయటికి రాగానే రోడ్డుకు అవతల గడ్డి కట్ట, దాని మీద తెల్లటి రాతిగోడ కనిపిస్తుంది. మెట్లెక్కి గోడ మీదికి వెళ్లండి, టికెట్ లేదు. లెండల్ వంతెన వైపు నడుస్తుంటే గోడ కింద కమానులు కనిపిస్తాయి. 1841లో మొదటి రైల్వే స్టేషన్‌ను గోడల లోపల కట్టారు. రైళ్లు లోపలికి వెళ్లేందుకు కోటగోడనే తొలిచారు. ఇప్పటి స్టేషన్ 1877 నాటిది, గోడ బయట ఉంది. అక్కడి నుంచే మిన్‌స్టర్ గోపురాలు మొదటిసారి నిండుగా కనిపిస్తాయి. మీ జట్టువాళ్ల ఫొటోల సరదా అక్కడే తీరిపోతుంది.

వంతెన దాటగానే ఎడమవైపు మ్యూజియం గార్డెన్స్. లోపలికి ఉచితంగా వెళ్లవచ్చు. ఉడతలను చూసి ముందుకు సాగిపోకుండా కుడివైపున ఉన్న బురుజు దగ్గర ఆగండి. దాని పేరు మల్టాంగ్యులర్ టవర్. రోమన్ కోటకు పడమటి మూల అదే. గోడకు రెండడుగుల దూరంలో నిలబడి రాళ్లను చూడండి. కింది భాగంలో చిన్న చిన్న దిమ్మెలు, పుస్తకమంత సైజువి, వరుస తప్పకుండా పేర్చి ఉంటాయి. మధ్యలో ఎర్రటి ఇటుక పలకల పట్టీ ఒకటి గోడ పొడవునా నడుస్తుంది. ఇంకాస్త పైకి వెళ్లాక రాళ్లు ఒక్కసారిగా పెద్దవవుతాయి. చిన్నవి రోమన్లు పేర్చినవి. పెద్దవి మధ్యయుగంలో ఊరివాళ్లు ఆ పాత గోడనే పునాదిగా వాడుకుని పైకి లేపినవి. మధ్యలో వెయ్యేళ్ల ఎడం ఉంది. ఆ గీత మీద వేలు పెట్టి చూపించగలిగితే చరిత్ర మీకు తెలియదని ఇంకెప్పుడూ అనరు. బురుజు లోపలికీ వెళ్లవచ్చు. అక్కడ రోమన్ల రాతి శవపేటికలు వరుసగా పెట్టి ఉంటాయి.

తర్వాత బూతమ్ బార్ అనే నగర ద్వారం దగ్గర మళ్లీ గోడ ఎక్కి మాంక్ బార్ వరకు నడవండి. గోడల చుట్టుకొలత మొత్తం దాదాపు 3.4 కిలోమీటర్లు. అంతా తిరగడానికి రెండు గంటలు పడుతుంది కానీ అన్నిటికన్నా బాగుండే భాగం ఇదే, మిన్‌స్టర్ వెనక తోటల మీదుగా సాగుతుంది. ఎక్కేముందు ఎగ్జిబిషన్ స్క్వేర్‌లో విలియం ఎట్టీ అనే చిత్రకారుడి విగ్రహాన్ని ఒక్కసారి చూడండి. 1800లో నగరపాలకులు ఈ గోడలన్నీ పడగొట్టేయాలనుకున్నారు. ద్వారాల ముందుండే రక్షణ కట్టడాలను నిజంగానే కొట్టేశారు, వామ్‌గేట్ బార్ దగ్గర మాత్రం ఒక్కటి మిగిలింది. గోడలను నిలపాలని గొంతెత్తినవారిలో ఎట్టీ ముందున్నాడు. ఆయనలాంటివాళ్లు లేకపోతే ఈరోజు మీరు నడవడానికి ఈ గోడ ఉండేది కాదు.

ఇక మిన్‌స్టర్. దీనికి టికెట్ ఉంది. విద్యార్థి రాయితీ ఏమైనా ఉందేమో అడగండి, గుర్తింపు కార్డు దగ్గర పెట్టుకోండి. రోజు మొత్తంలో డబ్బు పెట్టాల్సింది ఇక్కడే. మిగతా చోట్ల మిగిల్చి ఇక్కడ ఖర్చు చేయండి, రెండు గంటలకు తక్కువ ఉండకండి.

లోపలికి వెళ్లగానే మొదట నేలమాళిగలోకి దిగండి. 1220 ప్రాంతంలో మొదలుపెట్టి 1472లో పూర్తిచేసిన ఈ భవనంలో మధ్య గోపురం కూలిపోయే స్థితిలో ఉందని 1967లో ఇంజనీర్లు గుర్తించారు. పునాదులను కాంక్రీటుతో బలపరచడానికి తవ్వుతూ పోతే అడుగున రోమన్ సైనిక ప్రధాన కార్యాలయం బయటపడింది. 306లో చక్రవర్తి కాన్‌స్టాంటియస్ ఈ ఊళ్లోనే చనిపోగా సైనికులు ఆయన కొడుకు కాన్‌స్టాంటైన్‌ను ఇక్కడే చక్రవర్తిగా ప్రకటించారు. తర్వాత క్రైస్తవ మతానికి రోమన్ సామ్రాజ్యంలో స్వేచ్ఛనిచ్చింది ఆయనే. ఇప్పుడు అదే స్థలం మీద ఇంత పెద్ద చర్చి నిలబడి ఉంది. ఆ మాళిగలో రోమన్ గోడ, నార్మన్ పునాది, ఇరవయ్యో శతాబ్దపు కాంక్రీటు, స్టీలు బోల్టులు ఒకే చూపులో కనిపిస్తాయి. నేనింతవరకు చూసిన మ్యూజియాల్లో అంతగా మనసుకు పట్టింది ఇంకొకటి లేదు.

పైకి వచ్చాక తూర్పు చివర ఉన్న పెద్ద రంగుటద్దాల కిటికీ ముందు కూర్చోండి. టెన్నిస్ కోర్టంత అద్దం అది. కోవెంట్రీకి చెందిన గాజు చిత్రకారుడు జాన్ థార్న్‌టన్‌తో 1405లో ఒప్పందం రాసుకున్నారు: మూడేళ్లలో పూర్తిచేయాలి, వారానికి 4 షిల్లింగులు, ఏడాదికి 5 పౌండ్లు, గడువులోపు ముగిస్తే మరో 10 పౌండ్లు. అప్పట్లో పౌండుకు 20 షిల్లింగులు కాబట్టి లెక్క వేస్తే మొత్తం దాదాపు 56 పౌండ్లు. ఆయన 1408లో పూర్తిచేశాడు. అన్నిటికన్నా పైన దేవుడి బొమ్మ, దాని కింది వరుసల్లో సృష్టి మొదలైన కథలు, మిగిలిన పెద్ద భాగమంతా లోకం ముగిసే కథ. అంటే ఆది, అంతం ఒకే కిటికీలో ఉన్నాయి. కొన్ని పలకల్లో నీలంలో ఈదే చేపలను, ఏడు తలల మృగాన్ని కంటితోనే వెతికి పట్టుకోవచ్చు. బైనాక్యులర్ ఎవరి దగ్గరైనా ఉంటే అడిగి తీసుకెళ్లండి. మధ్యాహ్నం తర్వాత వెలుగు పడమటికి మారిపోతుంది కాబట్టి ఈ కిటికీని పొద్దుటిపూట చూడడమే మేలు.

దక్షిణపు రెక్కలోకి వచ్చి కప్పు వైపు చూడండి. 1984 జూలై 9 తెల్లవారుజామున మంటలు చెలరేగి ఆ కప్పు మొత్తం కాలి కూలిపోయింది. పిడుగే కారణమని ఎక్కువమంది భావించారు. మళ్లీ కట్టినప్పుడు కప్పులోని చెక్క పతకాలలో ఆరింటిని బీబీసీ పిల్లల కార్యక్రమం నిర్వహించిన పోటీలో గెలిచిన పిల్లలు గీసిన బొమ్మలతో చెక్కారు. వాటిలో ఒకటి చంద్రుడి మీద మనిషి అడుగుపెట్టడం. దాదాపు ఎనిమిది వందల ఏళ్ల భవనం కప్పులో వ్యోమగామిని వెతకండి.

అక్కడితో మీకు మధ్యాహ్నం అవుతుంది. భోజనం డబ్బాలో తెచ్చుకుంటే మ్యూజియం గార్డెన్స్‌లో, శిథిలమైన సెయింట్ మేరీ మఠం గోడల పక్కన పచ్చిక మీద కూర్చుని తినవచ్చు. ఐదుగురికి హోటలు ఖర్చు మిగులుతుంది.

షాంబుల్స్ వీధికి వెళ్లాలని మీవాళ్లు పట్టుబడతారు, వెళ్లండి. రెండు వైపులా ఇళ్ల పై అంతస్తులు వీధిలోకి వంగి ఉంటాయి. ఒకప్పటి మాంసం దుకాణాల వీధి అది. కిటికీల కింద మాంసం పెట్టిన వెడల్పాటి చెక్క పలకలు, పైన కొక్కేలు ఇప్పటికీ ఉన్నాయి. పది నిమిషాలు చాలు. శనివారం మధ్యాహ్నం అక్కడ అడుగు తీసి అడుగు వేయడం కష్టం.

డేటా చదువుతున్నానని రాశారు కాబట్టి మీకోసం ప్రత్యేకంగా ఒక మాట. తిరుగు రైలుకు వెళ్తూ నార్త్ స్ట్రీట్ మీదుగా నడవండి. 1813లో జాన్ స్నో పుట్టింది ఆ వీధిలోనే. కూలిపని చేసుకునే కుటుంబం. 1854లో లండన్‌లోని బ్రాడ్ స్ట్రీట్‌లో కలరా వ్యాపించినప్పుడు ఏ ఇంట్లో ఎందరు చనిపోయారో పటం మీద గుర్తుపెట్టి, కలరా ఒకే నీటి పంపు చుట్టూ గుమిగూడి ఉందని చూపించిన వైద్యుడు ఆయన. ఆ పంపు పిడి ఊడదీయించాడు. నార్త్ స్ట్రీట్‌లో నది ఒడ్డున చిన్న తోటలో ఆయన జ్ఞాపకార్థం పిడి లేని పంపు ఒకటి పెట్టారు. ఆయనకు బాప్తిస్మం ఇచ్చిన ఆల్ సెయింట్స్ చర్చి ఆ పక్కనే ఉంది. ఇదే ఊళ్లో 1899లో ఒక చాక్లెట్ కంపెనీ యజమాని కొడుకు సీబోమ్ రౌంట్రీ 11,560 కుటుంబాల వివరాలు ఇంటింటికీ మనుషులను పంపి సేకరించాడు. ఊరి జనాభాలో దాదాపు 28 శాతం పేదరికంలో ఉన్నారని తేలింది. బద్ధకంవల్ల కాదు, చాలీచాలని కూలివల్లే అందులో చాలామంది పేదలయ్యారని అంకెలతో రుజువు చేసిన తొలి అధ్యయనాల్లో అదొకటి. మీ పాఠ్యాంశానికి పూర్వీకులు ఇద్దరు ఆ ఊరివాళ్లే.

ప్రశ్న: మా అమ్మాయి షెఫీల్డ్‌లో చదువుతోంది. సెలవు రోజున ఒక్కతే యార్క్ వెళ్లివస్తానంటోంది. విద్యార్థి వీసా మీద ఉన్నవాళ్లు వేరే ఊరు వెళ్లాలంటే యూనివర్సిటీ అనుమతి కావాలా? పాస్‌పోర్టు దగ్గర ఉండాలా? ఒంటరిగా పంపడం క్షేమమేనా?
– ఒక తండ్రి

జవాబు: దేశం లోపల తిరగడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదండీ. క్లాసు ఉన్న రోజున మానేసి వెళ్తే మాత్రం హాజరు లెక్కలో పడుతుంది. వీసా నిబంధనల ప్రకారం యూనివర్సిటీ హాజరును గమనిస్తూ ఉండాలి. సెలవు రోజున ఆ చింత లేదు. పాస్‌పోర్టు గదిలో భద్రంగా ఉంచమనండి. వీసా ఇప్పుడు ఎలాగూ ఆన్‌లైన్ రికార్డుగానే ఉంటోంది. యూనివర్సిటీ కార్డు, రైల్‌కార్డు, చార్జింగ్ నిండా ఉన్న ఫోను ఉంటే చాలు.

క్షేమం మాటకొస్తే, పగటిపూట యార్క్ నడివీధుల్లో ఎప్పుడూ జనం ఉంటారు. నేను జాగ్రత్త చెప్పేది రెండింటి గురించే. ఒకటి, కోటగోడ లోపలి అంచుకు చాలా చోట్ల కటకటాలు ఉండవు, ఫోటో కోసం వెనక్కి నడవకూడదు. వాన పడితే రాయి జారుతుంది, మంచు పట్టిన రోజున గోడను మూసేస్తారు. రెండోది ఊజ్ నది. పైనున్న కొండల్లో వాన కురిస్తే ఊళ్లో ఎండ కాస్తున్నా నది ఒడ్డు దారులు మునుగుతాయి. 2015 డిసెంబరులో వందల ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి. చీకటి పడ్డాక ఒడ్డు వెంట కాక వీధుల్లోంచి స్టేషన్‌కు వెళ్లమనండి. అక్కడ డిసెంబరులో నాలుగు కాకముందే పొద్దు గుంకుతుంది, జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుగుంటుంది. షెఫీల్డ్ నుంచి నేరుగా రైళ్లున్నాయి, గంట ప్రయాణం. ఒక్కతే వెళ్తే ఎక్కడ ఎంతసేపు ఆగాలో తనే నిర్ణయించుకుంటుంది. అలా చూసిన ఊరు గుర్తుండిపోతుంది, పంపండి.

ప్రశ్న: న్యూకాసిల్‌లో మెకానికల్ ఇంజనీరింగ్ చదువుతున్నాను. యార్క్ వెళ్తే నాకు మొదట రైల్వే మ్యూజియం చూడాలనుంది. అది చిన్నపిల్లల కోసం, చారిత్రక నగరానికి వెళ్లి రైళ్లు చూడడమేమిటని నా రూమ్మేట్లు అంటున్నారు. వాళ్లు చెప్పేది నిజమేనా?
– ఒక విద్యార్థి, న్యూకాసిల్

జవాబు: రైలు కూడా ఆ ఊరి చరిత్రే. మీ రూమ్మేట్లను కూడా తీసుకెళ్లండి, ప్రవేశం ఉచితం. స్టేషన్ వెనక నుంచి నడిచి వెళ్లేంత దూరమే. తెరిచి ఉండే రోజులు మాత్రం ముందుగా చూసుకోండి.

లోపల మల్లార్డ్ అనే నీలిరంగు ఆవిరి ఇంజను ఉంది. 1938 జూలై 3న ఇది గంటకు 126 మైళ్ల వేగం అందుకుంది, అంటే దాదాపు 203 కిలోమీటర్లు. ఆవిరి ఇంజన్లలో ఆ రికార్డు ఇప్పటికీ దానిదే. నైజెల్ గ్రెస్లీ రూపకల్పన. ముందు భాగాన్ని గాలి చీల్చుకునేలా వాలుగా మలిచారు. నడిపే చక్రాల వ్యాసం రెండు మీటర్లు. పక్కన నిలబడితే చక్రం మీ తలకన్నా ఎత్తులో ఉంటుంది. మూడు సిలిండర్లు, రెండు పొగగొట్టాల అమరిక. ఆ పరుగులో మధ్య సిలిండర్ బేరింగ్ వేడెక్కిపోవడంతో పీటర్‌బరోలో ఆపేయాల్సి వచ్చింది. ఎంత వేగంగా వెళ్లిందన్నదానికన్నా ఆ వేగం దగ్గర ఏ భాగం ముందు లొంగిపోయిందన్నది మీలాంటి విద్యార్థికి ఎక్కువ పనికొస్తుంది.

ఎల్లర్‌మన్ లైన్స్ అనే ఇంకో ఇంజను కూడా ఉంది. దాన్ని నిలువునా ఒక వైపు కోసి పెట్టారు. నిప్పుగూడు, దాని నుంచి బయల్దేరే పొగ గొట్టాల వరుస, వాటి చుట్టూ నీళ్లు ఉండాల్సిన ఖాళీ, సిలిండర్ లోపల పిస్టన్, అన్నీ బయటికి కనిపిస్తాయి. థర్మోడైనమిక్స్ పుస్తకంలో గీతలుగా చూసినదాన్ని అక్కడ చేత్తో తాకేంత దగ్గర నుంచి చూస్తారు. దాని ముందు ఎంతసేపు నిలబడాలనిపిస్తే అంతసేపు నిలబడండి. జపాన్ వాళ్లు 2001లో ఇచ్చిన మొదటి తరం షిన్‌కాన్‌సెన్ (బుల్లెట్ రైలు) పెట్టె కూడా ఉంది, దాని సీట్లలో కూర్చోవచ్చు. ఆవిరి రికార్డుకు, టోక్యో–ఒసాకా మధ్య బుల్లెట్ రైలు మొదలైన 1964కు నడుమ కాలం ఎంత తక్కువో ఆ రెండింటినీ ఒకే రోజున చూస్తేనే మనసుకు తెలుస్తుంది.

మధ్యాహ్నం మిగిలితే కాపర్‌గేట్ వైపు వెళ్లండి. అక్కడి యోర్విక్ వైకింగ్ సెంటర్‌కు టికెట్ కాస్త ఖరీదే కానీ మీకు నచ్చే విషయం ఒకటుంది. 1976 నుంచి 1981 వరకు అక్కడ తవ్వినప్పుడు వెయ్యేళ్ల నాటి కర్ర గోడలు, తోలు చెప్పులు, ఉన్ని మేజోడు ఒకటి చెక్కుచెదరకుండా దొరికాయి. అక్కడి నేల తడిసి ఉండి ఆక్సిజన్ అందకపోవడంవల్ల కుళ్లబెట్టే సూక్ష్మజీవులు బతకలేకపోయాయి. పదార్థాలు ఎందుకు పాడవుతాయో చదివినవాళ్లకు ఆ మేజోడు మంచి పాఠం.

ప్రశ్న: బ్రాడ్‌ఫర్డ్‌లో చదువుతున్నాను. పోయిన నెల స్నేహితులతో యార్క్ వెళ్లి క్లిఫర్డ్స్ టవర్ గుట్ట ఎక్కాం. మెట్ల మీద నవ్వుతూ, గెంతుతూ చాలా ఫొటోలు తీసుకున్నాం. దిగివచ్చాక కింద రాతి ఫలకం చదివాను. 1190లో అక్కడ 150 మంది యూదులు చనిపోయారని ఉంది. అప్పటి నుంచి మనసు బాగాలేదు. ఆ ఫొటోలు తీసేయాలా? అసలు అక్కడ ఏం జరిగింది?
– ఒక పాఠకురాలు, బ్రాడ్‌ఫర్డ్

జవాబు: ఆ ఫలకం దగ్గర ఆగి చదివారు, చాలామంది ఆగరు. ఏం జరిగిందో ముందు చెప్తాను.

1189 సెప్టెంబరులో రిచర్డ్ రాజు పట్టాభిషేకం రోజున లండన్‌లో యూదుల మీద దాడులు మొదలయ్యాయి. శిలువ యుద్ధానికి సైన్యం పోగవుతున్న కాలం, విద్వేషం ఊరూరా పాకింది. 1190 మార్చి నాటికి యార్క్ చేరింది. అక్కడి యూదులు రాజు రక్షణలో ఉన్నవాళ్లు కాబట్టి కుటుంబాలతో సహా రాజుగారి కోట బురుజులోకి వెళ్లి తలదాచుకున్నారు. అప్పుడది కర్ర బురుజు. గుంపు చుట్టుముట్టింది. తప్పించుకునే దారి లేదని తేలాక మార్చి 16 రాత్రి, రబ్బీ (యూదు మతగురువు) యోమ్ తోవ్ మాట మీద చాలామంది తమ చేతులతోనే ప్రాణాలు తీసుకున్నారు. బురుజు కాలిపోయింది. మతం మారితే వదిలేస్తామన్న మాట నమ్మి బయటికి వచ్చినవాళ్లను గుంపు చంపేసింది.

ఇందులో అందరూ గుర్తుపెట్టుకోవాల్సిన భాగం ఆ తర్వాతిది. ఆ గుంపు నేరుగా మిన్‌స్టర్‌కు వెళ్లి, అక్కడ దాచి ఉంచిన అప్పు పత్రాలను తగలబెట్టింది. దాడిని నడిపించినవాళ్లలో యూదుల దగ్గర అప్పులు చేసిన పెద్దమనుషులు ఉన్నారు. మతం పేరు చెప్పి బాకీలు చెరిపేసుకున్నారు. ఆ పత్రాలు పోతే రాజుకూ నష్టమే. అందుకే 1194లో అప్పు పత్రాలను రెండు ప్రతులుగా రాసి తాళం పెట్టెల్లో భద్రపరచాలన్న ఏర్పాటు వచ్చింది. మనుషుల ప్రాణాలకన్నా ముందు పత్రాలకు రక్షణ ఏర్పడింది. ఇది చదివిన ప్రతిసారీ నాకు కోపం వస్తుంది.

మీరు ఎక్కిన రాతి బురుజు ఆ రాత్రిది కాదు. పదమూడో శతాబ్దం మధ్యలో మూడో హెన్రీ కాలంలో కట్టినది. గుట్ట మాత్రం అదే. ఫలకాన్ని 1978లో పెట్టారు. వసంతంలో ఆ గుట్ట వాలు నిండా పసుపుపచ్చ డాఫోడిల్స్ పూస్తాయి. చనిపోయినవాళ్ల జ్ఞాపకంగానే వాటిని నాటారు. ఆరు రేకుల పువ్వు, యూదుల గుర్తైన ఆరు కోణాల దావీదు నక్షత్రాన్ని తలపిస్తుందని. 1190 తర్వాత కూడా యూదులు ఆ ఊరికి తిరిగివచ్చి 1290లో దేశం మొత్తం నుంచి వెళ్లగొట్టేవరకు బతికారు. వాళ్ల శ్మశానం నగర గోడల బయట జ్యూబరీలో ఉండేది. 1980లలో సూపర్‌మార్కెట్ కట్టడానికి అక్కడ తవ్వినప్పుడు దాదాపు 500 అస్థిపంజరాలు బయటపడ్డాయి. 1984లో వాటిని మళ్లీ అక్కడే ఖననం చేశారు. ఇప్పుడు ఊళ్లో చిన్న యూదు సమాజం మళ్లీ ఉంది, 2023లో వాళ్లకు ఊళ్లోనే నివసించే రబ్బీ కూడా వచ్చారు.

ఫొటోలు తీసేయకండి. తెలియక నవ్వినదానికి మీరు ఎవరికీ సంజాయిషీ ఇవ్వనక్కర్లేదు. ఆ ఫొటో ఎవరికైనా చూపించినప్పుడు 1190 సంగతి కూడా చెప్పండి, అది చాలు. మీ స్నేహితుల్లో ఆ ఫలకం చదవనివాళ్లు ఉంటే ముందు వాళ్లకే చెప్పండి. మళ్లీ వెళ్లినప్పుడు లోపలికి టికెట్ తీసుకుని పైకి ఎక్కండి. 2022లో లోపల మెట్లు, పైన వేదిక కట్టారు. అక్కడి నుంచి మిన్‌స్టర్ కనిపిస్తుంది. ఆ గుంపు నడిచి వెళ్లిన దూరం ఎంతో కంటితో చూస్తారు.

ప్రశ్న: హల్‌లో చదువుతున్నాను. మిన్‌స్టర్‌లో సాయంత్రం పాటలతో ప్రార్థన జరుగుతుందని, దానికి టికెట్ ఉండదని విన్నాను. మేం హిందువులం. వెళ్లి కూర్చోవచ్చా? ఏ పద్ధతులు పాటించాలి? టికెట్ డబ్బులు మిగులుతాయని వెళ్లడం తప్పా?
– ఒక విద్యార్థి, హల్

జవాబు: వెళ్లవచ్చు. దాన్ని ఈవెన్‌సాంగ్ అంటారు. ఎవరైనా రావచ్చు, డబ్బు తీసుకోరు, మీ మతం ఏమిటని అడగరు. చాలా రోజుల్లో సాయంత్రం ఐదున్నరకు ఉంటుంది, ఆదివారం ఇంకా ముందు. ఆ వారం వేళలు చూసుకుని పావుగంట ముందు తలుపు దగ్గరికి వెళ్లి ప్రార్థనకు వచ్చామని చెప్పండి, లోపలికి తీసుకెళ్తారు. ఫోను ఆపేయాలి, ఫొటోలు తీయకూడదు. పక్కవాళ్లు లేచినప్పుడు లేవండి, కూర్చున్నప్పుడు కూర్చోండి. మీకు నమ్మకం లేని మాటలు పలకనక్కర్లేదు, ఊరికే వింటే చాలు. ముప్పావు గంట నుంచి గంటలోపు అయిపోతుంది.

గాయకబృందం ఉండే భాగంలోకి వెళ్లాలంటే ఒక రాతి తెర గుండా నడవాలి. ఆ తెర మీద మొదటి విలియం నుంచి ఆరో హెన్రీ వరకు పదిహేనుమంది రాజుల విగ్రహాలున్నాయి. పదిహేను బేసి సంఖ్య కాబట్టి ద్వారానికి ఒకవైపు ఏడుగురు, ఇంకోవైపు ఎనిమిదిమంది. అందువల్ల ద్వారం సరిగ్గా మధ్యలో ఉండదు. లోపలికి వెళ్తూ గమనించండి. లోపలి చెక్క ఆసనాలు చూడడానికి మధ్యయుగంవిలా ఉంటాయి కానీ పాతవి 1829లో జొనాథన్ మార్టిన్ అనే మనిషి నిప్పుపెట్టడంతో కాలిపోయాయి. ఇప్పుడున్నవి ఆ తర్వాత చేసినవి.

డబ్బు మిగులుతుందని వెళ్లడం తప్పేమీ కాదు. కానీ మిన్‌స్టర్ చూడడానికి అది ప్రత్యామ్నాయం అనుకోకండి. ప్రార్థన వేళ మీరు అటూ ఇటూ తిరగలేరు, మాళిగలోకి దిగలేరు. చలికాలం అయితే అప్పటికే చీకటిపడి కిటికీలన్నీ నల్లగా ఉంటాయి. కుదిరితే పొద్దున టికెట్ తీసుకుని అన్నీ చూడండి, ఊరు తిరిగి సాయంత్రం పాటకు మళ్లీ రండి. భవనాన్ని ఆ ఎత్తులో ఎందుకు కట్టారో పాట వింటేనే తెలుస్తుంది. కప్పుకు తగిలిన స్వరం వెంటనే ఆగదు, తర్వాతి స్వరంతో కలిసిపోతుంది, గాయకులు అందుకు తగ్గట్టు నిదానంగా పాడతారు. చివర ఆర్గన్ వాయించేటప్పుడు సగంమంది లేచి వెళ్లిపోతారు. మీరు హల్‌కు రైలు వేళలు ముందే చూసి ఒక రైలు తర్వాతిదాన్ని ఎంచుకోండి, అది పూర్తయ్యేదాకా కూర్చోవచ్చు.